మా నాయన లక్కు

తుమ్మలకుంట, వేముల మండలం
20-1-1995

సుబ్బా,

మీయమ్మ యల్లమ్మ చెప్తాంటే పక్కింటి మైమూనక్క రాస్తాండేది. చెప్పింది చెప్పినట్టే రాయమన్యా. ఈడ అందరం బాగుండాం. గొర్రెలు ఈనుతాండాయి. ఒకటి కవలలను వేసింది. రెండోదానికి పాలు చాలక మేకపాలు తాపిస్తాండా. మంద ఎనక నేనే పోతాండా. మీ నాయనకు తీరిక ల్యా.

ఎందుకు తీరిక లేదంటావా. మండలం ఎలక్షన్లకు మన ఊరి పార్టీ పెద్దాయన తమ్ముడు నిలబడతాండాడు గదా, పెద్దాయన జీపులో మీ నాయన తిరుగుతాండాడు. ఓట్లు అడిగేదానికి కాదు. ఊరికే కూచునేదానికి.

ఏం జరిగిందంటే, పోయిన నెల మీ నాయన పులివెందుల్లో గొర్రెల మందు తీసుకొని నడిచి వస్తాంటే పెద్దాయన జీపు నిలబెట్టి ఎక్కించుకున్యాడు. రోంత దూరం రాంగానే ఎవరిదో మంద రోడ్డుకు అడ్డం పడింది. డ్రైవర్ దావూదు హారన్ కొడతానే ఉండాడు. గొర్రెలు హారన్ వింటాయా. మీ నాయన దిగి, నాలుక మడిచి ఒక కూత కూసి, మందను పక్కకు తోలినాడు. ముందర మోరీ కాడ అవతలి పార్టీవోళ్ళు దాక్కోనుండారు. జీపు ఎందుకు నిలబడిందో తెలీక గాబరాపడి నాటుబాంబులు విసిరేసి పరిగెత్తినారు. అన్నీ ఖాళీ రోడ్డు మింద పడినాయి.

పెద్దాయన అల్లుడు బెంగళూరు నుంచి వచ్చిండాడు. ఆయన అన్యాడంట: "కొండయ్య మనకు లక్కు. ఈ మనిషి లేకుండా జీపు కదలగూడదు." అప్పుట్నించి ఊరంతా కొండయ్య లక్కు, కొండయ్య లక్కు అంటాండారు. అదృష్టమా అని అడిగితే కాదు, అంతకంటే పెద్దది అన్యాడంట ఆ అల్లుడు. మీ నాయనను అడిగితే మీసం దువ్వుకుంటాడు.

మన వంశంలో బడికి పోయింది నువ్వొక్కదానివే. మీ ఇంగ్లీషు టీచరమ్మను అడిగి ఆ మాట ఏందో, మంచిదో చెడ్డదో, మనిషికి పట్టేదో ఇంటికి పట్టేదో సరిగా కనుక్కోని రాయి.

ఇట్లు మీయమ్మ.

(ఇది మైమూన్ మాట. రంజానుకు మా ఇంటాయన, మీ సిరాజన్న, కువైట్ నుంచి వస్తాండాడు. నీకేమన్నా కావాలంటే నాకు రాయి, నేను రాస్తా.)


ప్రొద్దుటూరు, ఆడపిల్లల హాస్టలు
28-1-1995

అమ్మకు,

నీ ఉత్తరం చదివి సగం నవ్వు వచ్చింది, సగం భయం వేసింది. కవలపిల్లకు మేకపాలు గోరువెచ్చగా తాపించు, చల్లటివి వద్దు. మైమూనక్కకు నా నమస్కారాలు చెప్పు.

నువ్వు అడిగిన మాట గురించి మా ఇంగ్లీషు లెక్చరరు లక్ష్మీకాంతమ్మ మేడంగారిని అడిగాను. ఆమె పెద్ద డిక్షనరీ తీసి చూపించింది. దానికి ఒక పేజీ నిండా వాడుకలు ఉన్నాయి. నేను అర్థం చేసుకున్నంత వరకు రాస్తున్నాను.

లక్కు అంటే మనం ఏమీ చేయకుండానే మనకు జరిగే మంచి. నేను బాగా చదివి పాసైతే అది లక్కు కాదు. పుస్తకమంతా వదిలేసి ఒక్క పాఠం చదివితే, ఆ పాఠంలోనే ప్రశ్న వస్తే అది లక్కు. మనం అదృష్టం అంటే దాని వెనక ఏదో ఉంటుంది. నుదుట రాసిందనో, పోయిన జన్మలో చేసుకున్నదనో అంటాం. ఇంగ్లీషువాళ్ళ మాట వెనక అట్లాంటిదేమీ ఉండనక్కర లేదట. ఊరికే అట్లా జరుగుతుంది. ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే అది వాళ్ళకు కలగాలని చెప్పి పంపుతారు కూడా.

కాబట్టి అమ్మా, నాయన ఆ రోజు గొర్రెలను తోలాడు, బాంబులు ఖాళీ రోడ్డు మీద పడ్డాయి. అది జరిగిపోయింది. అది నాయన ఒంట్లో లేదు. మళ్ళీ జీపు ఎక్కినంత మాత్రాన వెంట రాదు. ఈ ఎన్నికల రోజుల్లో ఆ జీపు ఎక్కడికి పోతుందో, దానికోసం ఎవరెవరు కాచుకుని ఉంటారో నీకు నేను చెప్పాలా? ఏదో ఒకటి చెప్పి నాయనను దింపు. నాకు ఇక్కడ అన్నం సహించడం లేదు.

నీ కూతురు,
రామసుబ్బమ్మ


తుమ్మలకుంట
8-2-1995

సుబ్బా,

నీ ఉత్తరం మైమూను చదివింది. మీ నాయన రెండుసార్లు చదివించుకొని, జోబీలో పెట్టుకొని పెద్దాయన ఇంటికి పాయె. నా కూతురు ప్రొద్దుటూరు నుంచి ఇంగ్లీషు అర్థం రాసిందని అందరి ముందర చెప్పినాడంట. అల్లుడు తీసుకొని అరుగు మింద నిలబడి చదివినాడు. పేజీ నిండా ఉండే మాటంటే చిన్న మాటనా అన్యాడంట. పనిమింద బయల్దేరేటప్పుడు ఇంగ్లీషోళ్ళు గూడా దాన్ని తోడిచ్చి పంపుతారంట, మనం చేస్తాండేదీ అదే గదా అన్యాడంట. నువ్వు కిందేమో దింపమని రాసింది చదివినాడో లేదో, ఎవురూ చెప్పల్యా.

ఇంతకుముందు మీ నాయన ఎనక సీట్లో మూలకు కూచునేవోడు. నీ ఉత్తరం వచ్చినాక ముందర సీట్లో కూచోబెట్టినారు.

ఇంకోటి జరిగింది. జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉంటే పోతాండారు. మీ నాయన ముందురోజు వాళ్ళింట్లో పెట్టిన మాంసం ఎక్కువ తిన్యాడు. దారిలో కడుపు పట్టుకున్యాడు. జీపు నిలిపి, చెంబు తీసుకొని తుమ్మచెట్ల చాటుకు పోయినాడు. శానాసేపు రాల్యా. దావూదు తిట్టుకుంటాండాడంట. అంతలో ఎదురుగా వచ్చిన లారీవోడు, అప్పా ముందర రోడ్డుకు రాళ్ళు అడ్డం పెట్టిండారు, పోవద్దండి అన్యాడు. తిరుక్కోని వచ్చినారు. ఇంగ చూడు, మీ నాయన కడుపునొప్పి గూడా లక్కే అయింది ఈ ఊర్లో.

దింపమంటావు. ఎట్ల దిగుతాడు? రానంటే అవతలి పార్టీలో కలిసినాడంటారు. ఎక్కితే వాళ్ళతో భయం, దిగితే వీళ్ళతో భయం. పైగా సుబ్బా, నీకు చెప్తే ఏమనుకుంటావో, ఆయప్పకు అది ఇష్టంగానే ఉండాది. పుట్టినకాణ్ణుంచి ఎవురింటికి పోయినా వాకిట్లో నిలబడినోడు. ఇప్పుడు పంక్తిలో కూచోబెట్టి వడ్డిస్తాండారు.

రెండుసార్లు తప్పింది గదా, మూడోసారి తప్పుతుందా లేదా? డిక్షనరీలో ఉండాదేమో చూడు.

మీయమ్మ.

(మైమూన్ మాట. ఉపవాసాలు మొదలైనాయి. నీళ్ళు గూడా తాగకుండా రాస్తాండా, అక్షరాలు వంకరపోయింటే ఏమనుకోవద్దు.)


ప్రొద్దుటూరు
14-2-1995

అమ్మకు,

నా ఉత్తరం చేసిన పని చదివి తల పట్టుకుని కూర్చున్నాను. దింపమని రాస్తే ముందు సీటుకు తెచ్చిందా. ఇకమీదట నా ఉత్తరాలు మైమూనక్క చదవాలి, నువ్వు వినాలి. అంతే. నాయన జేబులోకి పోకూడదు.

మూడోసారి సంగతి డిక్షనరీలో లేదు. మేడంగారు రూపాయి బిళ్ళ ఎగరేసి చూపించింది. రెండుసార్లు బొమ్మ పడింది. మూడోసారి ఏం పడుతుందని అడిగితే క్లాసులో సగం మంది బొమ్మ అన్నారు, సగం మంది బొరుసు అన్నారు. బిళ్ళకు ముందు పడింది గుర్తుండదు అని ఆమె చెప్పింది. ఎన్నిసార్లు తప్పినా తర్వాతిది కొత్తదే. లక్కు అనే మాటను ఇట్లాంటి చోట అయిపోయినదాని గురించి చెప్పాలి గానీ, రాబోయేదాన్ని నమ్ముకుని బండెక్కడానికి వాడకూడదని నాకు అర్థమైంది.

నేను ఇంకా సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఇట్లా చెప్తాను. నాయన రెండుసార్లు చావు నోట్లోంచి జారిపడ్డాడు. ఆ నోరు మూసుకోలేదు. అది ఆ జీపు వెంటే తిరుగుతోంది. నాయన మంచివాడనీ గొర్రెలు తోలాడనీ దానికి తెలియదు. అమ్మా, ఇది నీకు ఒక్కదానికే రాస్తున్నాను. ఏం చేస్తావో నాకు తెలియదు, నాయన ఆ సీట్లో ఉండకూడదు.

రామసుబ్బమ్మ


తుమ్మలకుంట
24-2-1995

సుబ్బా,

ఈతూరి నువ్వు రాసింది నాకు అర్థమాయె. మొదుట్నే అట్ల రాసింటే ఎంత బాగుండు. బిళ్ళ సంగతి నాకు తెలీల్యా, కానీ నోట్లోంచి జారిపడినాడని రాసినావు చూడు, ఆ మాట దగ్గర పట్టుకున్యా.

మీ తాత మందలో ఏం చేసేవోడో నీకు గుర్తుండదు. తోడేలు నోట్లోంచి జారిన గొర్రెను మనం మందలో ఉంచుకోము. తోడేలుకు దాని వాసన తెలిసిపోయింటుంది, మల్ల దానికోసమే వస్తుంది, వచ్చి పక్కవాటిని గూడా పట్టుకపోతుంది. అందుకని దాని మెడలో గంట తీసేసి, ఏరు దాటించి, అవతల మన చుట్టాల మందలో కలిపేస్తాము. వాళ్ళకాడ అది కొత్త గొర్రె. మనకాడ అది లేదు. మీ లక్కు అనే మాట ఇదేనని మీ టీచరమ్మ ఎందుకు చెప్పల్యా?

కాబట్టి అట్లే చేసినా. మీ నాయనకు మీ చిన్నసుబ్బయ్య మామకు జబ్బు చేసిందని చెప్పినా. పెన్న దాటించి జమ్మలమడుగు పక్క మామ మందలో కలిపినా. పెద్దాయన ఇచ్చిన తెల్లచొక్కా ఈడే విప్పించినా. మామకు ముందే కబురు చేసిండా, ఎలక్షన్లు అయిపోయిందాకా వదలడు. పెద్దాయన మనుషులు వచ్చి అడిగితే మొక్కుబడి ఉండాది, తిరుమలకు నడిచిపోయినాడని చెప్పినా. దేవుని పనంటే ఎవురూ ఏమనల్యా.

అల్లుడు మాత్రం ఊరంతా తిరిగి ఇంకొక లక్కు మనిషిని వెతుకుతాండాడు. మొన్న సిరాజు దిగినాడు. కువైట్లో యుద్ధం వచ్చినప్పుడు ఎడారిలో నడిచి బతికొచ్చినోడు గదా. వాళ్ళ కన్ను ఇప్పుడు ఆ పిల్లోని మింద పడింది.

నీ మాట విని చేసినా. ఇంగ నువ్వు అన్నం తిను.

మీయమ్మ.

(మైమూన్ మాట. మీ సిరాజన్న వచ్చినాడు. నీకు అత్తరు సీసా తెచ్చినాడు. కొండయ్య చిన్నాయన ఏరు దాటినాడని రాస్తాంటే నాకు గూడా ప్రాణం కుదుటపడింది.)


ప్రొద్దుటూరు
1-3-1995

అమ్మకు,

నేను చెప్పింది తోడేలు గురించి కాదు. మేడంగారు చెప్పింది కూడా కాదు. కానీ నాయన ఏటికి అవతల ఉన్నాడు కాబట్టి నీదే సరైన అర్థమేమో అనుకుంటున్నాను. నాకే తికమకగా ఉంది. ఈ రోజు కడుపు నిండా తిన్నాను.

మైమూనక్కా, ఇది నీకు. పండగ దగ్గరికి వచ్చింది, మీ ఇద్దరికీ నా శుభాకాంక్షలు. సిరాజన్నను జీపు ఎక్కనీయవద్దు. పండగ పని ఉందని చెప్పు, జ్వరమని చెప్పు, కువైట్ నుంచి పిలుపు వచ్చిందని చెప్పు. ఆ సీటు ఖాళీగానే ఉండనీ.

రామసుబ్బమ్మ


కడప, పెద్దాసుపత్రి
11-3-1995

రామసుబ్బమ్మకు,

ఈతూరి మీయమ్మ చెప్తాండేది కాదు. నేనే రాస్తాండా.

నీ ఉత్తరం మాకు అందేసరికి అయిపోయింది. పండగ మరుసటిరోజు పొద్దున్నే వాళ్ళు జీపు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టినారు. సిరాజు వద్దు అనేలోపలే అల్లుడు చెయ్యి పట్టుకున్యాడు. మా ఇల్లు వాళ్ళ ఇంటికి ఎదురుగా ఉండాది, ఎట్ల కాదంటాడు. పోయి మజ్జానానికి వస్తాలే, సేమియా తీసిపెట్టు అన్యాడు.

మైదుకూరు రోడ్డులో పడినాయి బాంబులు. ముందర సీటు పక్కనే. కుడిచేతి మూడు వేళ్ళు పోయినాయి. ఒక చెవి వినపడదంట. ఎనక కూచున్న పెద్దాయనకు గీత గూడా పడల్యా. దావూదుకు మోచేయి గీసుకుంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి నన్ను చూసి లక్కీ మనిషమ్మా నీ భర్త, అంగుళం పక్కకు పడింటే ప్రాణమే పోయేది అన్యాడు. సాయంత్రం అల్లుడు పండ్లు తీసుకొని వచ్చినాడు. ఆయనా అదే మాట అన్యాడు. మామయ్యకు ఏం కాల్యా, లక్కు అన్యాడు. మీయమ్మ వచ్చింది. నా కాళ్ళ కాడ కూచోని ఏడ్చింది. కొండయ్య తప్పించుకున్యాడు, లక్కు అని ఆమెకు గూడా ఎవురో చెప్పినారంట, బస్సులో.

నువ్వు చదివినదానివి. ఈ మూడిట్లో ఏది లక్కు? ఆ చేతితో కువైట్లో లారీ తోలేవోడు. ఇంగ తోలలేడు. నేను నవ్వాల్నా, ఏడవాల్నా? మీ మింద కోపం తెచ్చుకోవాల్నా? కొండయ్య చిన్నాయన ఏరు దాటినాడని నా చేత్తోనే రాసినా, సంతోషపడి రాసినా. ఎవరిమింద కోపం తెచ్చుకునేది?

మైమూన్


ప్రొద్దుటూరు
17-3-1995

మైమూనక్కకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రాయడం, చింపడం అయింది.

మేడంగారిని అడిగాను. ఇంగ్లీషులో ఆ మూడు చోట్లా ఆ మాట వాడవచ్చనే చెప్పింది. తప్పు లేదట. అప్పుడు నాకు ఆ మాట మీదే కోపం వచ్చింది. బాంబు చుట్టినవాడు ఒకడు ఉన్నాడు. విసిరినవాడు ఉన్నాడు. సిరాజన్న చెయ్యి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టినవాడు ఉన్నాడు. మా నాయనను అక్కణ్ణుంచి తీసేయమని ఉత్తరం రాసినదాన్ని నేను ఉన్నాను. ఇంతమంది చేసిన పనికి లక్కు అని పేరు పెడితే ఎవరూ కనిపించరు. మా ఇంటికి కలిసి వచ్చిందే మీ ఇంటికి తగిలింది. ఒకే దెబ్బకు తప్పించుకున్న ఇంట్లోనూ, తగిలిన ఇంట్లోనూ అదే పేరా?

నాయనను ఆ సీట్లోంచి తీయాలని మాత్రమే అనుకున్నాను. సీటు ఖాళీగా ఉంటుందనుకున్నాను. సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదని నాకు తట్టలేదు.

శనివారం కడప బస్సు ఎక్కుతున్నాను. నీకు కోపం వస్తే నా మీదే తెచ్చుకో. పక్కన కూర్చుని వింటాను.

రామసుబ్బమ్మ


తుమ్మలకుంట
2-4-1995

సుబ్బా,

మీయమ్మ చెప్తాండాది, మైమూను రాస్తాండాది. నువ్వు ఆసుపత్రి నుంచి హాస్టలుకు పోయిన మరుసటిరోజే సిరాజును ఇంటికి పంపించినారు. ఎలక్షన్లో పెద్దాయన తమ్ముడు గెలిచినాడు. ఊరు సద్దుమణగల్యా, ఇంగా మల్ల వాయిదాలు ఉండాయి.

సిరాజు సంగతి తెలిసి మీ నాయన ఎవురికీ చెప్పకుండా ఏరు దాటి వచ్చేసినాడు. వచ్చి మన ఇంటికి గూడా రాకుండా వాళ్ళింట్లోకి పాయె. నువ్వు మైమూనుకు రాసిన ఉత్తరం చదివించుకున్యాడు. నువ్వేం రాసినావో నాకు సగం తెలీల్యా, ఆయప్పకు ఏం తెలిసిందో అదీ తెలీల్యా. అట్లే లేచిపాయె.

తెల్లారి జీపు వచ్చి మన వాకిట్లో నిలబడింది. పెద్దాయన, అల్లుడు, ఇద్దరూ దిగినారు. ఊరు ఊరంతా చూస్తాండాది. అల్లుడు, కొండయ్య ఉన్నప్పుడు రెండుసార్లు తప్పింది, లేనప్పుడు పడింది, ఇంగ రుజువు కావాల్నా, ఎక్కు అన్యాడు. మీ నాయన దణ్ణం పెట్టి, మెల్లగా అన్యాడు:

"ఎక్కుతానప్పా. మీరు చెప్తే కాదంటానా. ఒక్కమాట చెప్పి ఎక్కుతా. బాంబు పడిననాడు నేను గొర్రెల్లో సుఖంగా ఉండా, నా చోట కూచున్నోని చెయ్యి పాయె. నా కూతురు డిక్షనరీ చూసి రాసింది. నా లక్కు నన్ను తప్పించి పక్కనోని మింద పడే రకమప్పా. ఇంగ జీపులో నా పక్కన ఎవురు కూచుంటారో మీరే చెప్పండి."

నువ్వు అట్ల రాసినావా? నువ్వు అట్ల రాయలేదని మైమూను అంటాంది. పెద్దాయన మీ నాయన మొగం చూసినాడు. అల్లుడు దావూదు పక్క చూసినాడు. దావూదు బండి దిగి నిలబడినాడు. ఆమీట పెద్దాయన, నువ్వు మందలకు పోప్పా కొండయ్యా అని, ఎక్కి వెళ్ళిపాయె. అవతలి పార్టీ అని గానీ, ఇంగొకటి గానీ ఎవురూ అనల్యా.

మీ నాయన దిగిపోయినాడు గదా, సంతోషమే. కానీ ఇప్పుడు ఊర్లో ఇంకో తమాషా మొదలాయె. బస్సు ఎక్కితే పక్క సీటు ఖాళీ. హోటలు కాడ బెంచీ మింద ఆయప్ప కూచుంటే ఉన్నోళ్ళు టీ గ్లాసులు పట్టుకొని లేస్తాండారు. నిన్న పెండ్లికి పిలిచి, భోజనం ఇంటికే పంపిస్తామన్యారు. ఇదంతా లక్కేనా, ఇంగొక పేరు ఉండాదా, నాకు అర్థం కాల్యా. నువ్వు రాసేది రాయి, మేము ఎవురికీ చదివించము.

మీయమ్మ.

(మైమూన్ మాట. మీయమ్మ ఒకటి చెప్పడం మర్చిపోయింది. నిన్న సాయంత్రం మా ఇంటాయన పోయి ఆ బెంచీ మింద మీ నాయన పక్కనే కూచున్యాడు. ఎడమచేత్తో టీ తాగినాడు. వద్దని ఎవురో కేకేసినారంట, ఆ చెవి పక్కన్నుంచి. వినపడల్యా. పొద్దుగూకి హోటలాయన దీపం ఆర్పుకున్యాక గూడా ఇద్దరూ ఆడే ఉండారు. నేనే పోయి అన్నానికి పిల్చుకొచ్చినా, ఇద్దరినీ.)